పంపు కొట్టిన మొదటి నీళ్ళు

ఏడోసారి కూడా వలయం రాలేదు.

బూజమ్మ గాజు ప్లేటును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. నడుమ చొక్కా బొత్తామంత బూజు, పచ్చగా, ఏ లోటూ లేకుండా ఉంది. దాని చుట్టూ అంచుదాకా మీగడ పరిచినట్టు క్రిమి. రెండింటి మధ్యా వెంట్రుకవాసి సందు లేదు. ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకునే స్నేహితుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని హాయిగా ఉన్నాయి.

ఆమె అసలు పేరు బూజమ్మ కాదు. ఎక్కడ కుళ్ళిన చెక్క కనిపించినా, ఎక్కడ తడిగోడ పొక్కినా గీకి సీసాలో వేసుకొచ్చే మనిషి కాబట్టి ల్యాబులో ఆ పేరు స్థిరపడిపోయింది. మోటార్లు బాగుచేసే కొట్టున్న ఆమె మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. "అందరిళ్ళల్లో ఆడవాళ్ళు బూజు దులుపుతారు. మా ఇంట్లో ఆవిడ పెంచుతుంది, నేను దులుపుతా" అంటాడు వచ్చినవాళ్ళతో.

ఈ పచ్చబూజు రంపపు మిల్లు వెనక తడిసి ముద్దయిన పొట్టు కుప్పలో దొరికింది. క్రిమి మాత్రం ఆస్పత్రిది. ఒక రోగి కాలిపుండులోంచి తీసింది. ఉన్న మందులన్నీ వాడి డాక్టర్లు చేతులెత్తేసిన పుండు అది. ల్యాబులో దాన్ని 'మొండిది' అంటారు. అయిదు వారాల కిందట, పన్నెండో తారీకు పొద్దున, ఈ బూజు చుట్టూ మొండిది చచ్చి, గీత గీసినట్టు తేటగా వలయం కనబడింది. బూజమ్మ ఫోటో తీసింది. పెద్దసారు ఆ ఫోటోని పైవాళ్ళకి పంపాడు. ఆ తర్వాత మళ్ళీ వలయం మొహం చూపిస్తే ఒట్టు.

పెద్దసారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఆమె గమనించలేదు.

"వచ్చిందా?"

"రాలేదు సార్."

"ఏడు కదూ?"

"ఏడు."

ఆయన లోపలికొచ్చి స్టూలు మీద కూచున్నాడు. ఎప్పుడూ కూచోడు. "వచ్చే శుక్రవారం పదింటికి ఇద్దరొస్తున్నారు. ఒకాయన పైవాళ్ళ తరఫున. ఇంకొకావిడ, మొండిదాన్ని మనకిచ్చిన డాక్టరమ్మ. వాళ్ళ కళ్ళముందు వలయం కనపడాలి. కనపడకపోతే నేను ఒక్క మాట రాసి సంతకం పెట్టాలి."

"ఏ మాట సార్?"

"ఫోటో కల్పితం అని."

బూజమ్మ ప్లేటు కింద పెట్టింది. "మీరూ అదే అనుకుంటున్నారా?"

"నేననుకునేది ఎవడికి కావాలమ్మా. నీ నోట్‌బుక్‌లో ఉన్నట్టే చేస్తే రావాలి. రావట్లేదు. అయితే నోట్‌బుక్ తప్పు, లేదంటే ఫోటో తప్పు." లేచాడు. "ఆ మాట రాశాక బూజు ట్యూబులు ఆటోక్లేవు ఆవిరిలో ఉడికి చస్తాయి. నీకు మళ్ళీ ఏ ల్యాబులోనూ స్టూలు వెయ్యరు. అందుకే ముందే చెబుతున్నా."

ఆయన పోయాక ఫ్రీజరు తెరిచి చూసింది. పొట్టు కుప్పలోంచి తెచ్చిన నాటి అసలు విత్తనం ఒక్క ట్యూబే మిగిలింది. ప్లేటులోంచి ప్లేటులోకి మార్చుకుంటూ పోతే బూజు పస తగ్గుతుందని ఆమె భయం. ఏడుసార్లూ మార్చిన బూజుతోనో, ఒక్కో అసలు ట్యూబు ఖర్చుపెట్టో చేసింది. మిగిలిన ఈ ఒక్కటీ తెరిస్తే ఇక అంతే. పైగా బూజు పెరగడానికి అయిదు రోజులు, దాని చుట్టూ క్రిమి పరుచుకోవడానికి ఒక రోజు. ఇవాళ శుక్రవారం. ఎంత సాగదీసినా రేపు పొద్దుటికి దాటకూడదు.

అసలేం మారిందో తెలిస్తే కదా, ట్యూబు తెరవడానికి. బూజుకి పెట్టే తిండిలో బంగాళాదుంప అదే, చక్కెర అదే, తూకం అదే. నోట్‌బుక్‌ని వరసన తిరగేసి తిరగేసి పేజీల మూలలు మెత్తబడిపోయాయి.

పదకొండింటికి మొగుడొచ్చాడు, ఆమె ఇంట్లో మరిచిపోయిన కళ్ళద్దాలు పట్టుకుని. "ఇవి లేకుండానే పొద్దుటినించీ చూస్తున్నావా? వలయం కనపడలేదంటే కనపడదు మరి" అన్నాడు. ఆమె నవ్వలేదు. అతనికి విషయం అర్థమై, మాట మార్చడానికి గోడకి బిగించిన డిస్టిల్డ్ వాటర్ మెషీను వైపు చూశాడు. అది బొట్టు బొట్టుగా డబ్బాలోకి నీళ్ళు దించుతోంది.

"మన కాయిలు బాగానే లాగుతోందే."

"మన కాయిలేంటి?"

అతను నీళ్ళు నమిలాడు. "అదే... కాయిలు."

"దాన్ని నువ్వెప్పుడు చూశావు?"

"ఒకసారి... ఏదో చిన్న రిపేరు."

"ఎప్పుడు?"

"అబ్బ, పోలీసులా అడక్కు. పదమూడో తారీకు. అత్త బతిమాలింది, నీతో చెప్పొద్దని ఒట్టేయించుకుంది. కాయిలు మాడి బొగ్గయింది. మార్చేశాను. అంతే."

బూజమ్మ చేతిలో కళ్ళద్దాలు అలాగే ఉండిపోయాయి. వలయం వచ్చింది పన్నెండున. మెషీను బాగయింది పదమూడున. రాని ఏడు ప్లేట్లూ ఆ తర్వాతివే.

"ఎప్పుడు మాడింది?"

"అది నాకేం తెలుసు. అత్తనడుగు" అని అతను చల్లగా మెట్లు దిగిపోయాడు.

అత్త అంటే సీసాలత్త. పాతికేళ్ళుగా ఆ ల్యాబులో గాజు సామాను కడిగేది, నీళ్ళ డబ్బాలు నింపేది ఆవిడే. పెద్దసారుతో సహా అందరికీ అత్తే. కడుగుడు గదిలో మోచేతుల దాకా నురగతో ఫ్లాస్కు తోముతోంది.

"అత్తా, మెషీను ఎప్పుడు మాడింది?"

బ్రష్షు ఆగింది. "ఏం మెషీనమ్మా?"

"నా మొహం చూసి చెప్పు."

అత్త చూడలేదు. ఫ్లాస్కుని కుళాయి కింద పెట్టి మూడుసార్లు కడిగింది. నాలుగోసారి కూడా కడిగింది. అప్పుడు కుళాయి కట్టేసింది.

"నాలుగో తారీకు. మెషీను వేసి పైన నీళ్ళు తిప్పడం మర్చిపోయా. ఒట్టిగా కాలిపోయింది. పోయినేడు గ్యాసు సిలిండర్లు చూసే ఆయన గేజీ పగలగొడితే సాయంత్రానికల్లా సంచి సర్దించారు. నన్ను నెత్తిన పెట్టుకుంటారా? అందుకే అల్లుడి కాళ్ళావేళ్ళా పడ్డా. కాయిలు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది."

"ఆ తొమ్మిది రోజులూ నా డబ్బాలో ఏం నీళ్ళు పోశావు?"

"పెరట్లో చేతిపంపువి. ఉత్తినే పొయ్యలేదమ్మా. గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టా. తేటగానే ఉన్నాయి."

బూజమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా నోట్‌బుక్‌లో డిస్టిల్డ్ వాటర్ అని రాసుందత్తా! అయిదు వారాలు. అయిదు వారాలుగా నేను అబద్ధాలకోరుని అనిపించుకుంటున్నా."

"ఉత్త నీళ్ళే కదే. నీళ్ళకీ నీ బూజుకీ ఏం సంబంధం అనుకున్నా."

ఆ మాటకి బూజమ్మ కోపం సగంలో ఆగింది. సంబంధం ఉండి ఉండాలి. నేలలోంచి వచ్చే నీళ్ళలో ఇనుము, ఇంకా ఏవేవో లోహాలు కలిసి ఉంటాయి. చిటికెడులో చిటికెడు ఉన్నా బూజు పద్ధతి మారిపోవచ్చు. డిస్టిల్డ్ వాటర్లో అవేవీ లేవు. ఉప్పులేని కూడు తింటూ బద్ధకించిన మనిషిలా బూజు ఊరికే పెరుగుతోంది, మందు వండడం లేదు.

వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఆ నీళ్ళే మొండిదాన్ని చంపి ఉంటే? అప్పుడు ఫోటో నిజమే, కానీ బూజు గొప్పేం లేదు. నిజమై కూడా ఎందుకూ కొరగాని ఫోటో అవుతుంది. అందుకని ఆరు ప్లేట్లు చెయ్యాలనుకుంది. రెండు పంపు నీళ్ళతో బూజు. రెండు డిస్టిల్డ్ నీళ్ళతో బూజు. రెండింటిలో పంపు నీళ్ళే, బూజు ఉండదు.

బకెట్టు తీసుకుని పెరట్లోకి పరిగెత్తింది. పంపు కొడితే ముందు ఎర్రటి తుప్పు నీళ్ళు పడ్డాయి. పారబోసింది. ఇంకా కొట్టింది. ముప్ఫై దెబ్బలకి నీళ్ళు అద్దంలా తేరాయి. చేతి మీద తడిగుడ్డతో అత్త వెనకాలే వచ్చి నిలబడింది.

"ఏం చేస్తున్నావే?"

"చూస్తున్నావుగా. తేట నీళ్ళు పడుతున్నా."

"నేనెప్పుడూ ఇన్ని దెబ్బలు కొట్టలేదు" అంది అత్త, మెల్లగా. "ఎవరైనా చూస్తారని భయం. పొద్దున వస్తూనే, ఎవరూ రాకముందు, కొట్టగానే పడ్డ మొదటి నీళ్ళే పట్టుకుని లోపలికొచ్చేసేదాన్ని. అవీ ఎర్రగానే ఉండేవి. గుడ్డకి తుప్పంతా అంటుకునేది."

బూజమ్మ పంపు పిడి వదిలేసింది. కాళ్ళ దగ్గర ఎర్రనీళ్ళు మట్టిలోకి ఇంకిపోతున్నాయి. రాత్రంతా గొట్టంలో నిలిచి, తుప్పు నాని నాని దిగిన నీళ్ళు. ముప్ఫై దెబ్బల్లో తన చేత్తోనే పారబోసుకుంది. ఉన్న ఒక్క రోజు వెసులుబాటూ వాటితోపాటే పోయింది.

"రేపు పొద్దున వరకూ ఆగాలి" అంది.

"ఆగుదాం."

"ఇవాళంటే తోటమాలి సెలవు. రేపు ఆరింటికే వచ్చి మొక్కలకి కొడతాడు."

"వాడి సంగతి నాకొదిలెయ్."

మర్నాడు బూజమ్మ ఆరున్నరకి వచ్చేసరికి అత్త పంపు గట్టు మీద కాళ్ళు బారజాపుకుని కూచుని ఉంది. ఎదురుగా తోటమాలి, చేతిలో ఖాళీ డబ్బాతో.

"చూడండమ్మా, ఈవిడ పంపు రాయించుకున్నట్టు కూచుంది. నా మొక్కలు ఎండిపోతున్నాయి."

"ఒక గంట ఎండితే చావవులే. నువ్వు పుచ్చుకునే సెలవులకే చావలేదు" అంది అత్త.

అత్తే కొట్టింది, తను కొట్టే తీరులోనే. గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టింది. గుడ్డ ఎర్రబడింది. నీళ్ళు తేటగా దిగాయి. ఒక్క బకెట్టు పట్టి, పిడి వదిలి, తోటమాలి వైపు తలెగరేసింది.

దుంప ఉడికించి, జావ కాచి, ఆటోక్లేవులో వండి, ప్లేట్లలో పోసి చల్లార్చేసరికి పదిన్నర. బూజమ్మ ఆఖరి ట్యూబు మూత తిప్పింది. నాలుగు ప్లేట్ల నడుమ నాలుగు చుక్కలు. ట్యూబు ఖాళీ.

పెద్దసారొచ్చి, ఏ ప్లేటులో ఏముందో ఆమెని అడిగి తెలుసుకుని, ఆమెని బయటికి పంపి, వాటిని కలగాపులగం చేసి తన చేత్తో అంకెలు వేశాడు. ఏ అంకె ఏదో రాసిన కాగితం తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ఏం మార్చావో, ఎందుకు మార్చావో, అప్పుడెందుకు రాయలేదో, ఇప్పుడే రాసి కవర్లో పెట్టి అంటించి ఇవ్వు. శుక్రవారం వాళ్ళ ముందే విప్పుతా. తర్వాత అల్లిన కథ అనకుండా."

బూజమ్మ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూచుంది. కడుగుడు గదిలోంచి గాజు చప్పుడు వినిపిస్తోంది. నీళ్ళ గురించి అంతా రాసింది. ఆఖర్న, 'డబ్బాలో పంపు నీళ్ళు పొరపాటున నేనే పోశాను' అని రాసి, మళ్ళీ చదవకుండా కవరు అంటించేసింది.

ఆ ఆరు రోజులూ ఇంట్లో ఆమెతో మాట్లాడడమంటే నిప్పుల మీద నడిచినట్టే ఉంది మొగుడికి. గురువారం పొద్దున ఆరు ప్లేట్లలోనూ మొండిదాన్ని పరిచింది. ఏ ప్లేటు ఏ నీళ్ళదో ఆమెకీ తెలియదు. చూస్తే తెలుస్తుందేమోనని చూసింది. బూజున్న నాలుగూ ఒకేలా ఉన్నాయి.

శుక్రవారం పదింటికి వాళ్ళొచ్చారు. పైవాళ్ళ తరఫాయన సన్నగా, ఇస్త్రీ చొక్కాతో. డాక్టరమ్మ ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, మెడలో స్టెతస్కోపు తీయడం కూడా మర్చిపోయింది. పెద్దసారు ప్లేట్లున్న ఇంక్యుబేటరు మీద తను నిన్న అంటించిన టేపు వాళ్ళకి చూపించి చించాడు. అత్త స్టీలు ట్రే తెచ్చి బల్ల మీద పెట్టి, పొమ్మని ఎవరూ అనలేదు కాబట్టి తలుపు దగ్గర నిలబడింది.

డాక్టరమ్మే ఒక్కో ప్లేటూ ఎత్తింది.

"ఒకటి. ఏం లేదు."

బూజమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"రెండు." ఆవిడ ప్లేటుని కిటికీ వైపు తిప్పింది. మళ్ళీ తిప్పింది. మొండిదాన్ని అన్ని మందులతోనూ ప్రయత్నించి చూసిన మనిషి ఆవిడ. "రెండులో ఉంది" అంది చివరికి. తరఫాయన లేచి వచ్చి చూశాడు. బూజు చుట్టూ వేలి మందాన తేట. గుండ్రంగా, అంచులు కోసినట్టు.

మూడులో బూజే లేదు, అంచుదాకా క్రిమి నిండుగా ఉంది. నాలుగులో వలయం లేదు. అయిదులో ఉంది. ఆరు, మూడు లాంటిదే.

పెద్దసారు సొరుగు తాళం తీసి కాగితం చదివాడు. "రెండు, అయిదు, పంపు నీళ్ళతో బూజు. ఒకటి, నాలుగు, డిస్టిల్డ్ నీళ్ళతో బూజు. మూడు, ఆరు, పంపు నీళ్ళే, బూజు లేదు." చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చంపుతున్నది నీళ్ళు కాదు. ఆ నీళ్ళు తాగిన బూజే.

బూజమ్మ ఊపిరి వదిలింది. అప్పుడే తరఫాయన కవరు విప్పాడు. పైకి చదివాడు. ఆఖరి వాక్యం దాకా చదివాడు.

"ఆవిడ పొయ్యలేదు" అంది తలుపు దగ్గర అత్త.

అందరూ అటు తిరిగారు.

"అత్తా, నువ్వూరుకో" అంది బూజమ్మ.

"ఎందుకూరుకోవాలే? డబ్బా మీద ఒకటుండి లోపల ఇంకోటుంటే ఏమవుతుందో అయిదు వారాలు చూశాం. మళ్ళీ అదే పని కాగితం మీద చేశావా?" అత్త రెండడుగులు లోపలికొచ్చింది. "మెషీను మాడ్చింది నేను సారూ. ఈ పిల్ల మొగుడిచేత చాటుగా బాగుచేయించింది నేను. నీళ్ళు పోసింది నేను. ఈ పిల్లకి తెలియదు."

తరఫాయన కాగితం మడిచాడు. "అయితే ఇందులో రాసింది అబద్ధమా?"

బూజమ్మ ప్లేట్ల వైపు చూసింది. వలయం కళ్ళముందుంది. ఒక్క మాటతో అదీ పోయేలా ఉంది. "ఆ ఒక్క వాక్యం అబద్ధమే సార్."

"ఒకటి అబద్ధం రాసినావిడ తక్కినవి నిజం రాసిందని నేనెలా నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దు సార్. నేను చెయ్యకుండా చేయించండి. ఆ ప్లేట్లలోంచి బూజు తీసుకోండి, నీళ్ళు మీరే పట్టండి. రాకపోతే మీరు రాయాలనుకున్న మాట రాసుకోండి."

డాక్టరమ్మ రెండో నంబరు ప్లేటుని మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"పంపు ఎక్కడుంది?" అని అత్తనడిగింది.

"పెరట్లో. కానీ ఇప్పుడు లాభం లేదమ్మా, పొద్దున్నే తోటమాలి కొట్టేశాడు. మొదటి నీళ్ళు కావాలంటే రేపు ఆరింటికి రావాలి. నేను గట్టు మీద కూచుంటా, ఎవరూ ముట్టుకోకుండా."

"వస్తా. నేనే కొడతా."

"మీకు చేతకాదు. మెల్లగా కొట్టాలి. దగ్గరుండి చెబుతాలెండి."

తరఫాయన తన ఫైలు తెరిచి, రాయాల్సిన చోట పెన్ను ఆనించి, ఏమీ రాయకుండా మూశాడు. "ఇంకో వారం" అన్నాడు పెద్దసారుతో. "బూజుని ఆటోక్లేవులో వెయ్యకండి."

వాళ్ళు మెట్లు దిగాక పెద్దసారు రెండు మెమోలు రాశాడు. తప్పు రాసినందుకు బూజమ్మకి ఒకటి, మెషీను మాడ్చి దాచినందుకు అత్తకి ఒకటి. "మెషీను విప్పిన ఆ మోటార్లాయన బయటి మనిషి, అతనికి మెమో ఇచ్చే అధికారం నాకు లేదు. ఇంట్లో నువ్వే ఇచ్చుకో" అన్నాడు బూజమ్మతో, మొహంలో నవ్వన్నది లేకుండా.

అత్త చెయ్యి చీరకి తుడుచుకుని పెన్ను తీసుకుంది. "ఇది పైకి పంపుతారా సారూ? నా సంచి సర్దుకోనా?"

"పంపాలి. వాళ్ళేమంటారో నాకు తెలియదు." ఆయన కిటికీలోంచి పెరటివైపు చూశాడు. "రేపు ఆరింటికి మాత్రం నువ్వుండాలి."

అత్త తన పేరులో మొదటి రెండక్షరాలే పెద్దగా రాసింది. ఆవిడ సంతకం అంతే. బూజమ్మ తన నోట్‌బుక్ తీసి, ఆరో నెల ఆరో తారీకు పేజీలో 'డిస్టిల్డ్ వాటర్' అన్న మాట మీద గీత కొట్టింది. పక్కన ఏం రాయాలో తెలుసు, అయినా అడిగింది.

"ఎన్ని దెబ్బలత్తా, బకెట్టుకి?"

"పన్నెండు" అంది అత్త. "పదమూడోది తేరడం మొదలెడుతుంది. అది వద్దు."